సున్నా మార్కులొచ్చిన ప్రాజెక్టు

రిటైరైనవాడి చేతికి మైకు ఇవ్వకూడదని మా స్టాఫ్ రూంలో ఒక నియమం ఉండేది. ఎక్కడా రాసి పెట్టలేదు గానీ గట్టిగా అమలు చేసేవాళ్ళం. ఆ నియమం పెట్టింది నేనే. ఇప్పుడది నాకే వర్తించింది కాబట్టి కాగితం మీద పడ్డాను. చిన్న కాలేజీల్లో కొత్తగా చేరిన లెక్చరర్లు ఎవరైనా ఇది చదివితే సంతోషం. చదవకపోయినా బాధ లేదు. వినని వాళ్ళకు చెప్పడంలో నాకు ఒక సర్వీసంతా అనుభవం ఉంది.

నేను బాన్సువాడలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. చెప్పుకోదగ్గ ఘనకార్యాలు పెద్దగా లేవు. నా హయాంలో ల్యాబ్ ఎప్పుడూ తగలబడలేదు, అది ఒకటి. ఈ ప్రాజెక్టు కథ రెండోది.

మా కాలేజీలో బోటనీకి ఒక్కతే మేడం. వాళ్ళది నస్రుల్లాబాద్ వైపు, కాలువ నీళ్ళు చివరగా చేరే ఊరు. నెమ్మదైన మనిషి. మొక్కల గురించి అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. ఆమె ల్యాబ్ ఒక పొడవాటి గది. పెద్ద కిటికీలు, మంచి వెలుతురు. వానకు కారని గది మా కాలేజీలో అదొక్కటే కావడంతో అందరి కన్నూ దాని మీదే ఉండేది. ప్రిన్సిపాల్ గారి కన్ను మరీనూ.

ఆయన చెడ్డవారు కాదు. బోటనీలో పిల్లలు తగ్గిపోయారు, కంప్యూటర్ల గ్రూపులో కూర్చోవడానికి చోటు లేదు, ఆయన బాధ ఆయనది. అందుకని మేడాన్ని పిలిచి మర్యాదగానే చెప్పారు. ఈ ఏడు ఏదైనా రీసెర్చ్ ప్రాజెక్టు తెచ్చుకుంటే ల్యాబ్ ల్యాబుగానే ఉంటుంది. లేకపోతే వేసవి సెలవుల్లో అది కంప్యూటర్ గది అవుతుంది, మైక్రోస్కోపులూ ఎండు మొక్కల ఫైళ్ళూ మెట్ల కింది గదిలోకి వెళ్తాయి. అక్కడ చీకటి కదా సార్ అని ఆమె అంటే, ట్యూబ్‌లైట్ వేయిస్తానని హామీ ఇచ్చారు.

మేడం అప్పటికే ఒకటి రెండుసార్లు ప్రాజెక్టుకు రాసి పంపింది. మంజూరు చేయలేనందుకు విచారిస్తున్నామని ఒక్క ముక్క జవాబుతో తిరిగొచ్చాయి. చివరిసారి వచ్చిన జవాబును ఆమె ఎండు మొక్కల ఫైల్లో ఆకుల మధ్య అతికించి, కింద సేకరించిన తేదీ రాసింది. నాకు తెలిసి ఆమె వేసిన జోకు అదొక్కటే.

సరిగ్గా అప్పుడే, చిన్న కాలేజీల లెక్చరర్లకు ప్రాజెక్టు ప్రతిపాదనలు రాయడంలో మూడు రోజుల శిక్షణ ఇవ్వాలని పైనుంచి ఆదేశం వచ్చింది. మా కాలేజీయే కేంద్రం. కోఆర్డినేటర్‌గా నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆ రోజు మీటింగుకు రానిది నేనొక్కణ్ణే.

మొదటిరోజు హైదరాబాదు నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. చురుకైనవాడు, మంచివాడు. ప్రతిపాదన రాసేముందు మీ సంస్థలోని రీసెర్చ్ ఆఫీసును సంప్రదించండి అన్నాడు. హాల్లో ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు. మా రీసెర్చ్ ఆఫీసు అంటే నేనూ, ఒక బీరువా. బీరువా తాళంచెవి కనిపించక చాలాకాలమైంది. తర్వాత ఆయన ఇన్నోవేషన్ గురించీ ఇంపాక్ట్ గురించీ చెప్పాడు. భోజనాలయ్యాక ఇంకో ఊళ్ళో ఇంకో శిక్షణ ఉందంటూ బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ స్లైడ్లన్నీ ఇచ్చి వెళ్ళాడు. మాకు పనికొచ్చేదేమీ లేదు గానీ రంగులు బాగున్నాయి.

వచ్చినవాళ్ళంతా తాము ముందే రాసుకున్న ప్రతిపాదనలు వెంట తెచ్చుకున్నారు. ఆ సాయంత్రం వాటిని ముందేసుకుని కూర్చున్నాను. మొదటిది తెరిచాను. ‘భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం’ అని మొదలైంది. బాగానే ఉంది, వ్యవసాయం మీదే అది. రెండోది తెరిచాను. భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం. అది కామర్స్. ఫిజిక్సాయన ఏదో లోహపు పూతల మీద పని చేయాలనుకున్నాడు, ఆయన దేశం కూడా వ్యవసాయ ప్రధానమైనదే. ఇంగ్లీషులో రాసినా అందరూ మన ఐదో తరగతి వ్యాసంలోంచే బయల్దేరారు. చివరికొచ్చేసరికి అందరూ తమ విన్నపాన్ని సానుభూతితో పరిశీలించవలసిందిగా ప్రార్థించారు, సెలవు చీటీలో ప్రార్థించినట్టే. మధ్యలో బోలెడన్ని పేజీలు. ఆ పేజీల్లో లేనిదల్లా ఒకటే, తాము ఏం చేద్దామనుకుంటున్నారన్నది.

సంగతి అర్థమైంది. అడిగిందేమిటో తెలియనప్పుడు తెలిసిందంతా రాసేయాలి, అడిషనల్ షీట్లు ఎన్ని కడితే అంత మంచిది అన్న సూత్రం మీద పిల్లలు పరీక్షలు రాస్తారు. మేం ప్రతి ఏడూ దాన్ని చూసి నవ్వుతాం. తీరా మా చేతికి పెన్ను వచ్చేసరికి మేమూ పరీక్షే రాశాం.

ఇక్కడ స్పాట్ గురించి ఒక మాట చెప్పాలి. పరీక్షలయ్యాక జవాబు పత్రాలన్నీ ఒకచోటికి చేరుస్తారు. రాసిందెవరో తెలియకుండా పేరూ నెంబరూ తీసేసి ఒక కోడ్ వేస్తారు. లెక్చరర్లను వరసగా కూర్చోబెట్టి దిద్దిస్తారు. దాన్నే మేం స్పాట్ అంటాం. పైన ఫ్యాను తిరుగుతుంటుంది, పక్కన చాయ్ చల్లారుతుంటుంది, ముందు కట్టలు తరగవు. అలా కొన్నేళ్ళు కూర్చున్నవాడికి, రాసినవాడికి విషయం తెలుసా లేదా అన్నది అర పేజీలో తెలిసిపోతుంది. ప్రాజెక్టుల కమిటీలో కూర్చునేవాళ్ళు కూడా అలాంటి మనుషులే కదా అనిపించింది. వాళ్ళ ముందూ కట్టలే, వాళ్ళ చాయ్ కూడా చల్లారేదే. మాకు రాయడం రాదు, సరే. దిద్దడం మాత్రం మాకన్నా బాగా ఎవరికొచ్చు?

రెండో రోజు పొద్దున ఉపన్యాసాల్లేవు, ఇవాళ స్పాట్ అని ప్రకటించాను. నవ్వారు. పేర్లున్న పై పేజీలు చింపేసి కోడ్లు వేసిన ప్రతిపాదనలు కట్టలు కట్టి, మనిషికో ఎర్ర పెన్ను ఇచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. నియమం ఒక్కటే పెట్టాను. ఈ మనిషి ఏం చేయబోతున్నాడో ముందు ఒక్క వాక్యంలో పైన రాయండి, తర్వాత మార్కులు. ఆ వాక్యం రాయలేకపోతే సున్నా. ముందురోజు స్లైడ్ల చీకట్లో కునుకు తీసినవాళ్ళంతా నిటారుగా కూర్చున్నారు. లెక్చరర్‌కు వెన్నెముక ఉందా అని సందేహం వస్తే చేతికి ఎర్ర పెన్ను ఇచ్చి చూడాలి.

ఊచకోత జరిగింది. అందులోనూ మా లెక్కల సార్ దగ్గర. స్పాట్‌లో ఆయన పక్కన కూర్చోవడానికి జాలిగుండె ఉన్నవాళ్ళెవరూ ఇష్టపడేవారు కాదు. సొంత మేనల్లుడి పేపరని తెలిసినా అర మార్కు కలపడని ఆయనకు పేరు. ఆయన ఒక కట్ట పట్టుకుని లేచి, ‘సుస్థిర సస్య పర్యావరణ వ్యవస్థల సమగ్ర బహుముఖ పునరుజ్జీవనంలో హరిత వనరుల పాత్ర’ అని అర్థం వచ్చే ఇంగ్లీషు శీర్షిక ఒకటి గట్టిగా చదివాడు.

“టైటిల్ చదివేసరికే నా చాయ్ సల్లారింది సార్. పోనీ తియ్ అని లోపటికి పోయిన. ఏం జేస్తరో ఏడ లేదు. సున్నా ఏసిన. మా ఫస్టియర్ పోరగాడు గిట్ల రాస్తే నిలవెట్టి అడుగుతుంటి.”

హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. కోడ్లు వేసింది నేను కాబట్టి అదెవరిదో నాకు తెలుసు. కిటికీ పక్కన కూర్చున్న బోటనీ మేడం లేచి, సంచి భుజాన వేసుకుని, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచింది. నవ్వు వరస వెంట వరస ఆగుతూ వచ్చింది. చివరగా అర్థమైంది లెక్కల సార్‌కి.

నేను ఆమె వెనకాల వెళ్ళాను. ఆయన నా వెనకాల వచ్చాడు, చేతిలో ఎర్ర పెన్నుతో సహా. ఆమె ల్యాబ్‌లో నిలబడి శుభ్రంగా ఉన్న గాజు స్లైడ్లనే మళ్ళీ కడుగుతోంది. ఏడవడం లేదు. ఏడిస్తే మాకు కాస్త సులువయ్యేది.

“మేడం, గా పేపరు మీదని నాకు తెల్వది,” అన్నాడు ఆయన.

“తెలిస్తే మార్కులు ఏస్తుంటిరా సార్?”

ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. కాసేపు ఆలోచించాడు. “ఏయకపోతుంటి,” అన్నాడు.

పరిస్థితి చక్కబడుతున్న సూచనలేవీ నాకు కనిపించలేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఇంతకీ మీరు నిజంగా ఏం చేద్దామనుకుంటున్నారు మేడం అని అడిగాను. ఆమె నల్లా కట్టేసింది.

“మా పొలంకాడికి రాండ్రి సార్, సూపిస్త. ఒక్కటే కాలువ, ఒక్కటే నీళ్ళు, నడుమల గట్టు. అవతల క్యాంపాయన మడి పచ్చగుంటది. ఇవతల మాది, సున్నం జల్లినట్టు తెల్లగ చౌడు. మా బాపు ఏమంటడు? ఆయన మురుగంత మన మీదికి ఇడిసిండు, గందుకే చౌడైంది అంటడు. ఆయనేమో నేను ఏటేట జీలుగ ఏసి దున్నుత, మీరు ఎయ్యరు, నన్నంటే ఏం లాభం అంటడు. ఇద్దరు గట్టు మీద కొట్లాడుకునుడే గని, ఒక్కరన్న మట్టి తీసి సూసిండ్రా? మురుగుతోటి చెడుతుందా, జీలుగతోటి బాగైతుందా, నాకు గదే సూడాలె. గంతే.”

కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడ్డ రైతుల ఊళ్ళను మా దగ్గర క్యాంపులంటారు. ఉప్పు తేలి పంట పండని నేల చౌడు. జీలుగ పచ్చిరొట్ట పైరు, పూతకు రాకముందే నేలలో కలియదున్నుతారు. ఇవి తెలిసినవాడికి ఆమె చెప్పినదాంట్లో అర్థం కానిదేమీ లేదు. తెలియనివాడికి కూడా పెద్దగా లేదు.

లెక్కల సార్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. “మరి గిదంత ఏడ రాసిండ్రు మేడం?”

“రాయలే. మా ఇంటి పంచాది తీస్కపోయి పెద్ద సైంటిస్టులకు రాస్తమా? నవ్వుతరు.”

“నవ్వరు. గింతసేపు ఇన్న గదా, నేను నవ్విన్నా?”

అది నిజమే. ఆయన నవ్వడం ఎవరూ చూడలేదు గనక ఆ సాక్ష్యానికి విలువ తక్కువే. అయినా ఆమె తేరుకుంది. అయితే ఆ సున్నా కొట్టేస్తారా అని అడిగింది. స్పాట్‌లో ఒకసారి వేసిన మార్కు మారదని, కొత్త పేపరు రాస్తే కొత్తగా దిద్దుతానని ఆయన చెప్పాడు. ఆ మాటకు ఆమెకు ఎందుకో ధైర్యం వచ్చింది. జాలిపడి పది మార్కులు కలిపి ఉంటే మళ్ళీ స్లైడ్లు కడుక్కునేదేమో.

మిగిలిన రోజున్నర పద్ధతి మార్చాం. ఎవరూ ముందుగా కాగితం ముట్టుకోకూడదు. పక్కవాడికి నోటితో చెప్పాలి, ఇంట్లో మాట్లాడుకునే భాషలో. పక్కవాడు చాయ్ పూర్తి చేసేలోగా అర్థమైతే రాయాలి, లేకపోతే మళ్ళీ చెప్పాలి. మహారాష్ట్ర సరిహద్దు నుంచి వచ్చినాయన సగం మరాఠీలో చెప్పుకున్నాడు, అదీ బాగానే అర్థమైంది. ఫిజిక్సాయన మాత్రం చాలా చాయ్‌లు తాగించాడు.

మేడం కొత్త ప్రతిపాదన బక్కచిక్కి వచ్చింది. పల్చగా ఉంటే కష్టపడలేదనుకుంటారేమో అని ఆమె భయం. కనీసం ఆ వ్యవసాయ ప్రధాన దేశం వాక్యమైనా ఉంచుదామని బతిమాలింది. ఆ విషయం హైదరాబాదుకు కూడా చేరే ఉంటదని లెక్కల సార్ దాన్ని కొట్టేశాడు. మట్టి పరీక్షలకు కెమిస్ట్రీ కావాలి కాబట్టి నన్ను సహాయకుడిగా చేర్చుకుంది. లెక్కల సార్ దాన్ని ముందు కూర్చుని చదివాడు, తర్వాత లేచి చదివాడు, చివరికి పైన ఒక వాక్యం రాశాడు. మార్కులు ఎన్ని వేశాడో చెప్పలేదు గానీ, పంపండ్రి అన్నాడు.

పంపాం. కొన్నాళ్ళకు పిలుపొచ్చింది, వీడియోలో కమిటీ ముందు హాజరు కావాలని. వేసవి సెలవులకు అదెంతో దూరం కాదు. మెట్ల కింద ట్యూబ్‌లైట్ అప్పటికే బిగించేశారు. అది చూసుకుంటూ మేడం రోజూ ల్యాబ్‌కు వెళ్ళేది.

లెక్కల సార్ రోజూ సాయంత్రం కమిటీ వేషం కట్టి ఆమెను ప్రశ్నలతో వేధించాడు. అసలు కమిటీ ఇంతకన్నా దుర్మార్గంగా ఉండే వీలు లేదని నేను ఆమెకు ధైర్యం చెప్పేవాణ్ణి.

ఆ రోజు ప్రిన్సిపాల్ గారి గదిలోని కంప్యూటర్ ముందు కూర్చున్నాం. కెమెరాకు కనిపించేది మేడం, పక్కన నేను. కనిపించకుండా గోడకు ఆనుకుని లెక్కల సార్, కుర్చీ అంచున ప్రిన్సిపాల్ గారు. గది పోతే ఎవరికి లాభమో ఆయన మరచిపోయినట్టున్నారు, మా అందరికన్నా ఆయనకే చెమటలు పట్టాయి.

మేడం మొదటి స్లైడ్‌గా ఒక ఫోటో పెట్టింది. మధ్యలో గట్టు, ఒకవైపు పచ్చన, ఒకవైపు తెల్లన. తెరమీది ముఖాలన్నీ కాస్త ముందుకు వంగాయి. ఆమె ఇంగ్లీషు నెమ్మదిగా, పొలంలో నడిచినట్టు అడుగులు చూసుకుంటూ సాగింది. ప్రశ్నలొచ్చాయి. అన్నీ మేం చదువుకున్నవే. లెక్కల సార్ ఒక్కో ప్రశ్నకు వేలు మడుస్తున్నాడు, నేను అడగలేదా అన్నట్టు.

అప్పుడు, అంతసేపూ మూలన మాట్లాడకుండా కూర్చున్న ఒక పెద్దావిడ కళ్ళద్దాలు తీసింది. ఆవిడ అడిగింది మా సాధనలో లేదు. ఈ తగాదాలో ఒక పక్షం మీ తండ్రిగారే కదా, ఫలితం ఆయనకు ఎదురు తిరిగేలా ఉంటే మీ చెయ్యి ఆయనవైపు మొగ్గదని మేమెలా నమ్మాలి అంది. మర్యాదగానే అంది. న్యాయమైన ప్రశ్న. అందుకే ఎటూ తప్పించుకోవడానికి లేదు.

లెక్కల సార్ వేళ్ళు మడవడం ఆపేశాడు. ప్రిన్సిపాల్ గారు నావైపు చూశారు. నేను బల్ల చూశాను. మంచి బల్ల. లైను తెగిపోయిందేమోనని అవతలివాళ్ళు హలో అనబోతుండగా మేడం నోరు తెరిచింది. ఆమె ఇంగ్లీషులో చెప్పిన మాటలకు తెలుగు ఇది.

“మేడం, మా దగ్గర జవాబు పత్రాల మీద పిల్లల పేర్లు ఉండవు, కోడ్లు ఉంటాయి. ఈ మట్టి సంచుల మీదా రైతు పేరు ఉండదు. కోడ్ వేసేది మా లెక్కల సార్. నా పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా ఏది ఎవరి పొలమో ఆయన నాకు చెప్పరు. ఏడ్చినా చెప్పరు. ఈ ప్రాజెక్టు మొదటిసారి రాసినప్పుడు ఆయనే నాకు సున్నా వేశారు.”

పెద్దావిడ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. ఆ సార్ అక్కడున్నారా అంది. లెక్కల సార్ గోడ వదిలి కెమెరా ముందుకొచ్చి, క్లాసులో లేపిన కుర్రాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిజమేనా అని ఆవిడ అడిగింది. నిజమేనన్నాడు. ఆ సున్నా తర్వాత తీసేశారా అని అడిగింది. “నో మేడం,” అన్నాడు.

అవతల ముందు ఆవిడ నవ్వింది, తర్వాత కమిటీ అంతా నవ్వింది. మా ఊరి మాట విని నవ్వుతారని మేడం భయపడింది కదా. నవ్వారు, నిజమే. నవ్వుతూనే కాగితాల మీద ఏదో రాసుకున్నారు.

మంజూరైంది. మా శిక్షణకు వచ్చినవాళ్ళలో ఇంకొందరివీ మంజూరయ్యాయి, అవీ ఎర్ర పెన్ను దెబ్బలు తిన్నవే. ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు వచ్చాయి, మీ పద్ధతేమిటని. పద్ధతంటూ ఏమీ లేదని చెప్తే వినయం అనుకున్నారు. నేను సరిదిద్దలేదు.

మంజూరు వార్త వచ్చిన వారంలోనే కంప్యూటర్ల కోసం ఆర్డరిచ్చిన పొడవాటి కొత్త బల్లలు దిగాయి. తెచ్చిన మట్టిని ఆరబోయడానికి అంత చక్కని బల్లలు జిల్లాలో లేవు. ప్రిన్సిపాల్ గారు చూసి, సరే, మట్టి ఆరేదాకా ఉంచుకోమన్నారు. ఆ మట్టి నేను రిటైరయ్యేదాకా ఆరలేదు. ఆయన కంప్యూటర్లకు మీటింగ్ హాలు ఇచ్చేశారు. మీటింగులు లేకపోవడం వల్ల కాలేజీ ఏమీ చెడలేదు. ఇన్‌స్పెక్షన్‌కు ఎవరొచ్చినా మొదట బోటనీ ల్యాబ్‌కే తీసుకెళ్ళి, ఈ గది మీద తనకు మొదటినుంచీ ప్రత్యేకమైన అభిమానం అని చెప్పేవారు. అది అబద్ధం కాదు కూడా.

కొత్తగా చేరినవాళ్ళకు నీతి చెప్పమంటారా? మీ ప్రతిపాదనను మీ మిత్రుడికి చూపించకండి. స్పాట్‌లో అందరూ తిట్టుకునే మనిషి ఒకడు ప్రతి కాలేజీలో ఉంటాడు, ఆయనకు పేరు తీసేసి ఇవ్వండి. అంతకుమించి నాకేమీ తెలియదు.

మట్టి సంచులకు కోడ్లు పడిన కొన్నాళ్ళకు ఒక పొద్దున మేడం వాళ్ళ బాపు ల్యాబ్‌కు వచ్చాడు. పిల్లలు మట్టి సరిగ్గా తీశారో లేదోనని సొంతంగా ఒక సంచి మోసుకొచ్చాడు. ఆయన కూర్చున్న కాసేపటికి క్యాంపు రైతు కూడా అదే అనుమానంతో అదే పనిమీద వచ్చాడు. ఇద్దరూ ఒకే బండి మీద వచ్చారని రాస్తే బాగుంటుంది గానీ, అంత అద్భుతాలు బాన్సువాడలో జరగవు. ల్యాబ్‌లో ఒకటే బెంచీ ఉంది. చెరో చివరా కూర్చున్నారు.

“బిడ్డా, గిండ్ల మనది ఏ సంచి?” అన్నాడు బాపు.

“నాకు తెల్వది బాపు. సార్‌నడుగు.”

బల్ల చివర సంచులు సర్దుతున్న లెక్కల సార్ తలెత్తకుండానే, మార్కులు బయటికి చెప్పేది లేదన్నాడు. క్యాంపు రైతు తన వంతుగా ప్రయత్నించాడు. ఊరికే ఒక్కసారి వేలితో చూపిస్తే చాలన్నాడు. సార్ ఆ సంచులను తీసుకెళ్ళి ఇద్దరికీ దూరంగా ఇంకో బల్ల మీద పెట్టాడు.

అది చూసి క్యాంపు రైతు బెంచీ మీద కొంచెం ఇవతలికి జరిగి, గొంతు తగ్గించి అన్నాడు.

“ఇదేం మనిషండీ బాబూ.”

బాపు ఆయనవైపు తిరిగాడు. గట్టు మీద అన్నేళ్ళుగా కుదరనిది అక్కడ కుదిరింది.

“నేను గూడ గదే అనుకుంటున్న,” అన్నాడు.